తొట్టిలో పెద్దచెరువు

సెప్టెంబర్ 11, 2024, విజయనగరం

వాయుగుండం పూరీ దగ్గర తీరం దాటింది. వాన కాస్త తెరిపివ్వగానే చేపల తొట్టి విశాఖ నుంచి వ్యానులో వచ్చేసింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఏదో హోటల్ లాబీలో ఏళ్ళతరబడి నిలబడిన సరుకు.

"ఇది గాజు కాదేటి బాబూ, ఇంత తేలిగ్గుంది?" అన్నాడు దింపడానికొచ్చిన కుర్రాడు. ఇది యాక్రిలిక్. అదే మందం గాజు బరువులో సగమే ఉంటుంది. గాజులా భళ్ళున పగలదు కూడా. కానీ చిన్న ఇసుక రేణువు చాలు, గీత పడిపోతుంది. ముందు పలక నిండా గీతలే. పైన అడ్డపట్టీ ఒకటి విరిగింది. అయినా నాకు ఇదే కావాలి. గాజుమీద లోతుగా గీత పడితే ఇక అంతే. యాక్రిలిక్‌ను ఓపిగ్గా చేత్తో అరగదీస్తే మళ్ళీ కొత్తదవుతుంది.

సెప్టెంబర్ 15

నీళ్ళ మరకలకు వెనిగర్, మిగతాదానికి పల్చటి సబ్బు నీళ్ళు. థిన్నర్, స్పిరిట్, అమోనియా కలిసిన గాజు క్లీనరు దగ్గరికి రానివ్వకూడదు. అవి తగిలితే పలక లోపల సన్నటి పగుళ్ళు అల్లుకుపోతాయి.

కార్లకు రంగులు వేసేవాళ్ళు కొనే షాపులో వాటర్‌పేపర్లు తెచ్చాను. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, చివరికి 2000. నీళ్ళు చిలకరిస్తూ ఒకే దిక్కుకు రుద్దాలి. నంబరు మారినప్పుడల్లా అడ్డంగా తిరగాలి. ముందు కాగితం గీతలు మిగిలిపోతే అప్పుడే కంటికి దొరుకుతాయి. తొందరపడి ఒక నంబరు దాటేస్తే 2000 దగ్గర ఎంత రుద్దినా ఆ గీతలు పోవు. 400 పూర్తయ్యేసరికి పలకంతా మజ్జిగలా తెల్లబడింది. అమ్మ చూసి, "ఉన్నదీ పాడుచేసీసినావేట్రా" అంది. పాలిష్ పట్టాక అవతలి గోడమీది కేలండర్లో తిథులు తనే చదివింది.

సెప్టెంబర్ 22

అడ్డపట్టీ పని నేమ్‌బోర్డులు చేసే మేస్త్రీకి అప్పగించాను. యాక్రిలిక్ అక్షరాలు అతికించడం ఆయనకు రోజూ పనే. సిలికాన్ దీన్ని గట్టిగా పట్టుకోదు. ఆయన వాడింది క్లోరోఫాం. కొత్త పట్టీని ఆనించి, సన్నటి సూది ఉన్న సిరంజితో అంచు వెంట వదిలాడు. తెల్లగా కనబడే సందులోకి ఆ ద్రవం తనంతట తనే పాకింది. పాకినంత మేరా సందు మాయమైంది. ఇది జిగురు కాదు. రెండు ముఖాలనూ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది, ఆ తర్వాత ఆవిరైపోతుంది. ఆ ఆవిరి మంచిది కాదని పనంతా ఆరుబయటే చేశాం.

సెప్టెంబర్ 29

నిండితే దాదాపు 680 లీటర్లు, అంటే 680 కిలోలు. స్టాండుతో, ఇసుకతో ముప్పావు టన్ను దాటుతుంది. మేడమీద గదిలో పెడదామని పిల్లల ఆశ. ఒప్పుకోలేదు. కింది గదిలో, గోడవారగానే.

వెల్డింగ్ షాపులో స్టాండు చేయించాను. దానిమీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఆపైన థర్మోకోల్. ఈ తొట్టికి అంచులే కాదు, అడుగంతా ఆనాలి.

అక్టోబర్ 6

నాలుగోవంతు, సగం, ముప్పావు, అలా ఆగి ఆగి నింపాను. ఒక్క ముందు పలకమీదే నీళ్ళు మోపే ఒత్తిడి 340 కిలోల దాకా ఉంటుంది. దారం లాగి చూస్తే మధ్యలో కొంచెం పొట్ట పెట్టింది. యాక్రిలిక్ గుణమే అది. రోజురోజుకీ పెరగకుంటే చాలు. కొత్త అతుకు దగ్గర వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీయడానికి హైపో వేశాను. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో ఫిల్ములు కడిగేటప్పుడు దీన్నీ వాడేవారు.

అక్టోబర్ 15

పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇల్లంతా చుట్టాలు. సిరిమాను కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరగడం చూసి వచ్చిన పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. "చేపలేవి మావయ్యా?" ఉత్త నీళ్ళు కావురా ఇవి, లోపల పని జరుగుతోంది అన్నాను. రోజూ చిటికెడు మేత వేస్తున్నాను. అది కుళ్ళి అమోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్నరోజే చేపలు వేసి, వారంలో చచ్చాయని వాటిని పారేసే ఇళ్ళు ఎన్నో. ఆ చావులు ఆపగలిగినవి.

పైడితల్లమ్మ విగ్రహం మా ఊరి పెద్దచెరువులోనే దొరికిందని చెప్పుకుంటాం. ఆ చెరువులో ఏయే చేపలుంటాయని అడిగితే పిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు. గోల్డ్‌ఫిష్, ఫైటర్ మాత్రం టకటకా చెప్పారు. ఈ తొట్టిలో మన చేపలే ఉండాలని ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

అక్టోబర్ 24

దానా తుపాను ఒడిశా మీదికి వెళ్తోంది. ఇక్కడ గాలి, జల్లులు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళలో రోజులతరబడి కరెంటు లేదు. బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి కదా, బ్యాటరీ ఎయిర్‌పంపు సిద్ధం చేశాను.

నవంబర్ 3

షాపులో కుర్రాడు పాచి తింటుందని సక్కర్ చేప అంటగట్టబోయాడు. వద్దన్నాను. పెరిగి తొట్టి చాలక జనం చెరువుల్లో వదిలేస్తే, అదే దెయ్యపు చేపై ముళ్ళతో వలలు చించుతోంది.

మన చేపల సంగతికొస్తే, ప్యాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1803లో విశాఖపట్నం చేపలు రెండువందలకు బొమ్మలు, వర్ణనలు అచ్చువేశాడు. జాలర్లు పిలిచే తెలుగు పేర్లనూ ఇంగ్లీషు అక్షరాల్లో పక్కనే రాసుకున్నాడు. పేరు అడిగి రాసుకున్న ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చుతుంది. మా తొట్టి పక్కన కూడా ఒక నోటుపుస్తకం పెడతాను, పిల్లలు రాయడానికి.

నవంబర్ 10

అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. పరిగెలు వచ్చాయి. రెండు వారాలు వేరే టబ్బులో ఉంచి, జబ్బులేమీ లేవని తేలాకే తొట్టిలోకి. కొరమీను, జెల్ల వద్దు, చిన్నవాటిని మింగేస్తాయి. బొమ్మిడాయిలు బతికున్నవి దొరికితే ఆక్సిజన్ కవర్లో పంపుతానని శ్రీకాకుళం బావ అన్నాడు. వాటికోసమే అడుగున మెత్తటి నాగావళి ఇసుక కడిగి వేశాను, దూరి పడుకుంటాయి. మూత ఇంకా చేయించాలి. వేలెడు సందున్నా బొమ్మిడాయి బయటికి పాకేస్తుంది.