బల్ల చాలే ఆటకి ఇన్ని ఊళ్ళా?

గుడివాడ చుట్టుపక్కల ఎత్తు అనదగ్గవి మూడే: కాలవ గట్టు, రైలు కట్ట, ఊళ్ళో ఉన్న పాత బౌద్ధ స్తూపపు దిబ్బ. అక్కణ్ణించి బందరు దాకా పోయినా, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాకా దిగినా నేల తీరు మారదు. కృష్ణమ్మ కూడా తొందరేమీ లేనట్టు పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని తీరుబడిగా సముద్రంలో కలుస్తుంది. చేను ఏ వైపు వాలిందో తెలియాలంటే రైతు నీళ్ళు పెట్టి చూసుకోవలసిందే. ఇలాంటి చోట కొండ మీంచి మంచులో జారే పందెగాడి కోసం వెతకడం దండగ.

అయితే ఆ పందెగాళ్ళ ఏడాది ఎలా గడుస్తుందో వింటే మాత్రం గుడివాడ వాళ్ళకి కొత్తేమీ అనిపించదు.

స్కీ పందాల ప్రపంచ కప్ అక్టోబరు చివర ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. పైకి రావాలనుకునే కుర్రాళ్ళు కూడా మంచు ఎక్కడుంటే అక్కడికి పరుగు. ఉత్తరాన ఎండలు ముదిరితే సాధన కోసం చిలీకో న్యూజిలాండ్‌కో పోతారు. మగవాళ్ళు స్లాలమ్ అనే మెలికల పందేనికి వాడే స్కీలు 165 సెంటీమీటర్లు, జెయింట్ స్లాలమ్‌కి వాడేవి 193. మనిషి కంటే పొడుగున్న స్కీల సంచుల్ని విమానాశ్రయాల్లో ఈడ్చుకుంటూ పోతారు. ఇంతా చేసి స్లాలమ్‌లో రెండు పరుగులూ కలిపి రెండు నిమిషాలు పడితే ఎక్కువ. ర్యాంకుని తేల్చే పాయింట్ల లెక్క మరో తిరకాసు. అక్కడ పాయింట్లు ఎంత తక్కువుంటే అంత గొప్ప. గొప్పవాళ్ళు ముందు దిగుతారు. కొత్తవాడి వంతు వచ్చేసరికి దారంతా గాళ్ళు పడిపోయి ఉంటుంది. మంచి మంచు మీద ఆడాలంటే పాయింట్లు తగ్గాలి, పాయింట్లు తగ్గాలంటే గాళ్ళు పడ్డ మంచు మీదే గెలవాలి. గుల్మార్గ్ ప్రాంతపు ఆరిఫ్ ఖాన్ ఈ గొడవంతా దాటి 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి చేరాడు. ఆ ఏడాది భారత్ తరఫున వెళ్ళిన క్రీడాకారుడు అతనొక్కడే.

మంచు కావలసినవాడు మంచున్న చోటికి పోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఒక బల్ల, రెండు కుర్చీలు, అరవైనాలుగు గళ్ళు ఉంటే చాలనుకునే చదరంగానికి ఇన్ని దేశాలు ఎందుకు తిరగాలి? జవాబు గుడివాడలో పుట్టిన ఒక అమ్మాయి బాల్యంలో దొరుకుతుంది.

కోనేరు హంపి 1987 మార్చి 31న గుడివాడలో పుట్టింది. తండ్రి కోనేరు అశోక్ స్వయంగా పోటీ చదరంగం ఆడినవాడు, రాష్ట్ర విజేత. పాపకి అయిదేళ్ళప్పుడు, తాను ఆడుతుంటే పక్కన కూచుని ఎత్తులు చెబుతోందని గమనించాడు. తర్వాత అధ్యాపక ఉద్యోగం మానేసి కూతురికి గురువయ్యాడు. 1997లో పదేళ్ళ లోపు బాలికల్లో ప్రపంచ విజేత, 1998లో పన్నెండేళ్ళ లోపు, 2000లో పద్నాలుగేళ్ళ లోపు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత. మధ్యలో 1999లో ఆసియా పోటీలకి వెళ్ళి, పన్నెండేళ్ళ లోపు విభాగంలో మగపిల్లలతో ఆడి గెలిచింది. 2000లో, మళ్ళీ 2002లో బ్రిటిష్ మహిళల టైటిల్ కూడా పట్టుకొచ్చింది. ఆ రోజుల్లో కామన్వెల్త్ దేశాల వాళ్ళకి ఆ పోటీలో చోటుండేది. ఈ జాబితాలోని దాదాపు ప్రతి గెలుపు వెనకా ఒక వీసా, ఒక రాత్రి రైలు, బడికి ఒక సెలవు చీటీ ఉంటాయి.

అసలు తిరుగుడంతా గ్రాండ్‌మాస్టర్ బిరుదు దగ్గర మొదలవుతుంది. ఆ బిరుదుకి 2500 రేటింగ్ ఒక్కటీ సరిపోదు. మూడు నార్మ్‌లు కూడా కావాలి. నార్మ్ అంటే మామూలుగా తొమ్మిది ఆటల పోటీలో 2600 స్థాయికి తగ్గకుండా ఆడి చూపించడం. ఎదుటి వాళ్ళలో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. అందరూ మన దేశం వాళ్ళే అయితే కుదరదు, పరాయి దేశాల వాళ్ళూ తగినంత మంది ఉండాలి. తమలో తామే ఆడుకుని తమలో తామే బిరుదులు పంచుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన కట్టడి ఇది. న్యాయమైన నిబంధనే. దాని బరువంతా పడేది మాత్రం గ్రాండ్‌మాస్టర్లు లేని ఊరి పిల్లల మీద. విశ్వనాథన్ ఆనంద్ 1988లో మన దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ తర్వాత పదేళ్ళు గడిచినా గ్రాండ్‌మాస్టర్ల సంఖ్య ఒక చేతి వేళ్ళు దాటలేదు. ఇక ఇంట్లో కూచుంటే నార్మ్ ఎలా వస్తుంది?

అందుకే అప్పట్లో మన పిల్లలకి బుడాపెస్ట్ రెండో ఊరైంది. అక్కడ ప్రతి నెలా మొదటి శనివారం ఒక పోటీ మొదలయ్యేది, దాని పేరే ఫస్ట్ సాటర్‌డే. గ్రాండ్‌మాస్టర్లూ పలు దేశాల ఆటగాళ్ళూ ఒక్కచోటే దొరికేవారు, నార్మ్ లెక్కలు ముందే సరిచూసి ఉంచేవారు. ఈ నెల అర పాయింటుతో తప్పిపోతే వచ్చే నెల మళ్ళీ. హంపికి కూడా మూడో నార్మ్ కలిసొచ్చింది బుడాపెస్ట్‌లోనే, 2002 మే నెలలో, ఎలెకెస్ స్మారక పోటీలో. అప్పటికి వయసు 15 ఏళ్ళ ఒక నెల 27 రోజులు. ఆ వయసులో గ్రాండ్‌మాస్టరైన అమ్మాయి అంతకు ముందు లేదు. మూడు నెలల తేడాతో చెరిగిపోయిన పాత రికార్డు యూదిత్ పోల్గార్‌ది, ఆమె పుట్టిందీ బుడాపెస్ట్‌లోనే. హంపి పేరిట ఆ రికార్డు 2008లో చైనా అమ్మాయి హౌ యీఫాన్ వచ్చేదాకా నిలిచింది.

బయటి వాళ్ళకి ఈ తిరుగుళ్ళు విహారయాత్రల్లా కనిపిస్తాయి. స్విస్ పద్ధతిలో సాగే పోటీలో ఒక రోజు చూస్తే ఆ భ్రమ పోతుంది. రేపు ఎవరితో ఆడాలో ఈ రోజు ఆటలన్నీ ముగిస్తే గానీ తేలదు. సమాన పాయింట్లున్న వాళ్ళని కలుపుతూ పెయిరింగ్‌లు రాత్రికి గానీ బయటికి రావు. అప్పుడు లాప్‌టాప్ తెరిచి, ప్రత్యర్థి పాత ఆటలు వెతికి, అతను తెల్ల పావులతో దేనితో మొదలెడతాడో, ఎక్కడ తడబడతాడో చూసుకోవాలి. మర్నాడు హాలు దగ్గర తనిఖీ. ఫోను బయటే వదలాలి. లోపల కరచాలనం చేసి గడియారం నొక్కాక నాలుగైదు గంటలు మాటే ఉండదు. పావుని ముట్టుకుంటే కదపాల్సిందే. ఆడిన ప్రతి ఎత్తూ చీటీ మీద రాయాలి. ఆట ముగిశాక ఇద్దరూ సంతకాలు పెడితే పై కాగితం ఆర్బిటర్‌కి, కింది కార్బన్ నకలు ఆటగాడికి. పిల్లల పోటీలయితే తల్లిదండ్రులు హాలు తలుపు దాటకూడదు. వరండాలో నిలబడి, బయటికి వచ్చే పిల్లల మొహాలు చూసి ఫలితం పోల్చుకుంటారు. ఓడిపోయిన పిల్లకి ఆ సాయంత్రం ఊరు చూపిద్దామని ఎవరికీ ఉండదు. రాత్రికి మళ్ళీ పెయిరింగ్.

తిండి సంగతి వేరే చెప్పాలి. విదేశాలకి వెళ్ళే మన పిల్లల పెట్టెల్లో చదరంగం పుస్తకాల పక్కనే చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ ఉంటాయి. నాలుగో రోజుకి బ్రెడ్డు మొహం మొత్తుతుంది. ఆరో రౌండు ముందు కడుపు చెడితే అప్పటిదాకా కూడబెట్టిన నార్మ్ చేజారుతుంది. అందుకే వంట కూడా కోచింగ్‌లో భాగమే.

ఖర్చు లెక్కకి వస్తే, వయసు విభాగాల ప్రపంచ పోటీల్లో ఒక్కో విభాగానికి ప్రతి దేశం నుంచీ ఒక అధికారిక ఆటగాడికి మాత్రమే నిర్వాహకులు బసా భోజనం చూస్తారు. అదనంగా వచ్చే పిల్లలు సొంత డబ్బు పెట్టుకోవాలి. వెంట వచ్చిన అమ్మకో నాన్నకో అయ్యేది కూడా ఇంటి సొమ్మే. డబ్బు ఎలాగో సర్దుకున్నా, ఏడాదిలో సగం రోజులు పిల్లతో తిరగగల పెద్దమనిషి ఎవరనే ప్రశ్న మిగులుతుంది. అశోక్ ఉద్యోగం వదిలింది అందుకే. ఇరవై ఏళ్ళ తర్వాత చెన్నైలో ఒక తెలుగింట్లో ఇదే జరిగింది. దొమ్మరాజు గుకేశ్ తండ్రి రజనీకాంత్ చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్స నిపుణుడు. కొడుకుతో తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టాడు. మైక్రోబయాలజిస్టయిన తల్లి పద్మ జీతంతో ఇల్లు గడిచింది. 2019 జనవరిలో గుకేశ్ 12 ఏళ్ళ ఏడు నెలల 17 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. గుకేశ్ చివరి నార్మ్ వచ్చింది ఢిల్లీలో. హంపి కాలంలో మనం గ్రాండ్‌మాస్టర్ల కోసం బుడాపెస్ట్ వెళ్ళాం, ఇప్పుడు వాళ్ళే ఢిల్లీ ఓపెన్‌కి వస్తున్నారు.

అయితే ఢిల్లీ కూడా కోడూరుకి దగ్గరేం కాదు. దివిసీమకి రైలు లేదు. అక్కడి పిల్లవాడు జిల్లా ఎంపిక పోటీకి రావాలంటే పొద్దున్నే బస్సెక్కి అవనిగడ్డ మీదుగా బందరు చేరాలి. రాష్ట్ర స్థాయికి వెళితే మరో ఊరు, జాతీయ స్థాయికి మరో రాష్ట్రం. గుడివాడ పిల్లలకి కొంత నయం, అది జంక్షను. బందరు నుంచి వచ్చే లైను అక్కడే భీమవరం, బెజవాడ లైన్లతో కలుస్తుంది. ఆదివారాల్లో ఏ బడి హాల్లోనో కల్యాణ మండపంలోనో నగదు బహుమతుల పోటీలు పెడుతుంటారు. ప్రవేశ రుసుం కట్టి, చాలా చోట్ల బోర్డూ గడియారమూ ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. సాయంత్రం బహుమతులిచ్చేసరికి ఆఖరి బస్సు వేళ అవుతుంది. బహుమతి వచ్చినవాడు ఆగుతాడు, రానివాడు ముందే స్టాండుకి నడుస్తాడు.

ఈ తిరుగుడు పెద్దయితే ఆగిపోతుందనుకోకూడదు. 2007లో హంపి 2600 రేటింగ్ దాటింది, పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ. 2011లో ప్రపంచ టైటిల్ కోసం అల్బేనియా రాజధాని టిరానా దాకా వెళ్ళి హౌ యీఫాన్ చేతిలో ఓడింది. 2017లో కూతురు పుట్టాక కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ బయల్దేరింది. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) టైటిల్ గెలిచింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే పోటీలో మొదటి ఆటే ఓడి, చివరికి పదకొండింట ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి విజేతగా నిలిచింది. అప్పటికి వయసు 37.  తాను ఊళ్ళు తిరిగేటప్పుడు పాపను చూసుకునేది తన అమ్మానాన్నలేనని హంపి ఆ గెలుపు తర్వాత చెప్పింది. ఒకప్పుడు కూతురి వెంట దేశాలు తిరిగిన అశోక్ ఇప్పుడు మనవరాలితో ఇంటి పట్టున ఉంటున్నాడు.

2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కి ఇద్దరూ మన వాళ్ళే చేరారు. 38 ఏళ్ళ హంపి ఒకవైపు, 19 ఏళ్ళ నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ మరోవైపు. హంపి గ్రాండ్‌మాస్టరయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టనే లేదు. టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ కప్పు గెలిచిన వాళ్ళకి గ్రాండ్‌మాస్టర్ బిరుదు నేరుగా ఇచ్చేస్తారు. అందుకే చేతిలో ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేకుండానే దివ్య గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది. పరాయి దేశాల వాళ్ళతో ఆడి తీరాలన్న లెక్క ఇలాంటి దారిలో అడగరు. ఫైనల్లో ఇద్దరు భారతీయులు ఒకరితో ఒకరు ఆడుకున్నా చెల్లుతుంది, కాకపోతే ఆ ఆడుకునేది నల్లసముద్రం ఒడ్డుకి వెళ్ళి.