అందరి చేతిలో ఒకటే ముక్క

ఇవాళ పురుగు మందుల గురించి కాదు, ముక్కల గురించి రాస్తున్నా. పేకాట కాదులెండి, కంగారు పడొద్దు.

2020 సంక్రాంతికి మా మేనల్లుడు గంపలగూడెం వచ్చాడు. కల్లంలో కాయ ఆరబోస్తుంటే పక్కన కూర్చుని ఒక కార్డుల పెట్టె తీశాడు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అంట, 1993లో అమెరికాలో పుట్టిన ఆట. అన్నీ మాంత్రికులు, రాక్షసులు. ఎవరి కార్డులు వాళ్లే కొనుక్కుని, 60 ఏరుకుని పోటీకి దిగాలి. కంపెనీ ఏటా కొత్త కార్డులు వదులుతుంటుంది, ముఖ్యమైన పోటీల్లో పాతవి చెల్లకుండా పోతాయి. మన సీడు ప్యాకెట్ల లాగే.

2019 అక్టోబరు 4న వదిలిన వాటిలో ఓకో అనే కార్డు ఒకటుంది. ఎదుటివాడి రాక్షసుడు ఎంతటివాడైనా సరే, మామూలు దుప్పిని చేసేస్తుంది. ఇంకేముంది, పెద్ద పోటీలో సగం మందికి పైగా అదే పట్టుకొచ్చారు. ఆట చప్పబడింది. నవంబరు 18న కంపెనీయే ఆ పోటీల్లో దాన్ని నిషేధించింది. "కొన్న డబ్బులు పోయాయి మావయ్యా" అన్నాడు. నవ్వాను.

2021లో నవ్వు రాలేదు. ఊరంతా మిరపే అని, కౌలుకు చేసే మూడెకరాల్లో నేనూ మిరపే వేశా. నల్ల తామర పురుగు పూతలో దూరింది, పూతంతా రాలింది. పక్క చేలోనూ అదే పంట, ఇక దానికి అడ్డేముంది? కౌలు బాకీ, మందుల అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

ఆటలో ఆ ముక్క తీసెయ్యడానికి కంపెనీ ఉంది. మన చేలో ఆ పని మనమే చేసుకోవాలి. ఇప్పుడు ఒక ఎకరం కందికి వదులుతున్నా. ఈ ఏడు మీరేం వేస్తున్నారో కింద రాయండి.