టమాటా ధర, నా నిద్ర

2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. ఆ నెలంతా చౌడేపల్లెలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా అదే మాట. ఒకరు అప్పు తీర్చేశారట, ఇంకొకరు ట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చారట, తోటలకు రాత్రుళ్ళు కాపలా పెట్టారట. ఊరంతా ఉడుకు మీదున్నప్పుడు నాలో ఉన్నది జబ్బని ఎవరు కనిపెడతారు? నేనూ కనిపెట్టలేదు.

నాకు బైపోలార్ ఉందని అంతకు చాలా ముందే తెలుసు. లిథియం వాడుతుండేవాణ్ణి. బాగానే ఉన్నాను కదా, ఇంక దేనికిలే అని ఆ ఎండాకాలం ఇంట్లో చెప్పకుండా మాత్రలు మానేశాను. నా తప్పుల్లో పెద్దది అదే. తక్కినవన్నీ దాని వెంట వచ్చినవే.

ముందు పోయింది నిద్ర. తెల్లవారుజామున మూడుకే లేచి, అలసటన్నదే లేకుండా, ఎకరాకు ఎన్ని బాక్సులు, బాక్సుకు ఎంత అని నోట్‌బుక్కులో లెక్కలు వేసేవాణ్ణి. వాన, తెగులు, ధర పడిపోవడం ఆ లెక్కల్లోకి రానే లేదు. సోమల వైపు గుత్తకు భూమి ఉందంటే, చూసిన రోజే ఫోన్‌లోంచి అడ్వాన్సు పంపేశాను. నారు, డ్రిప్పు పైపులు, మల్చింగు షీటు, కర్రలు అన్నిటికీ అలాగే. అడ్డుపడిన తమ్ముణ్ణి నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను. నాటిన నారు కోతకు రావాలంటే రెండు నెలలైనా పడుతుంది. సెప్టెంబరుకి ధర నేలకు దిగింది. అప్పటికి ఉద్రేకం చల్లారి దిగులు కమ్మి, నేను మంచం దిగలేకపోయాను. కాయ చెట్టు మీదే మాగిపోయింది.

తిరుపతిలో డాక్టరు పోయిన డబ్బు కంటే నిద్ర గురించే ఎక్కువసేపు అడిగారు. ఉద్రేకం పెరగబోయే ముందు చాలామందికి నిద్ర తగ్గుతుంది, నిద్ర తగ్గేకొద్దీ ఉద్రేకం ఇంకా పెరుగుతుంది. తొందరపాటు నా పుట్టు గుణమనే అనుకునేవాణ్ణి. పడుకున్న వేళ, లేచిన వేళ క్యాలెండర్‌లో రాయడం మొదలుపెట్టాక, అది ఏ రోజుల్లో తలెత్తుతుందో కంటికి కనిపించింది. ఇప్పుడు వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే మా ఇంటామె అడిగేస్తుంది.

“రాత్రి నిద్ర పోయినావా? ఫోన్ ఇట్లా ఇయ్యి.”

ఇచ్చేస్తాను. డాక్టరుకు ఆమే ఫోన్ చేస్తుంది. భూమి, బండి, అప్పు లాంటివి ఏవీ ఆ వారం మాట్లాడం. మామూలు రోజుల్లోనూ నా ఫోన్‌కు కలిపిన ఖాతాలో ఇంటి ఖర్చుకు చాలినంతే ఉంటుంది.

చేలో పనిచేసే వాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. లిథియం వాడుతూ ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోయినా, ఒళ్ళునొప్పులకని ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకున్నా రక్తంలో మందు స్థాయి ప్రమాదకరంగా పెరగొచ్చు. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తపరీక్ష, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోవాలి. నాకు నయం కావాలని మా అమ్మ బోయకొండ గంగమ్మకు మొక్కుకుంది. కొండకు ఆమె వెంట నేనూ పోయాను, మాత్రల డబ్బా జేబులో పెట్టుకునే. దిక్కు తోచని రాత్రి 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

జబ్బు ముదిరినప్పుడు ఎలాంటి వైద్యం కావాలో, మన తరఫున ఎవరు మాట్లాడాలో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఆ కాగితం కోసం కూర్చున్నప్పుడు, చట్టం అడగని ఇంటి ఒప్పందం ఒకటి కూడా రాసుకున్నాం. ఫోన్ ఇవ్వనని నేను ఎంత అరిచినా వినొద్దని అందులో ఉంది. కింద నా సంతకం, పక్కన తమ్ముడి సంతకం.