మనోళ్లే, అయితే?

మా తిరుపతిలో మనిషికి గుర్తింపు రావాలంటే ముందు ఊరు వదలాలి. ఇక్కడే ఉండి ఏం చేసినా "వాడా, మా వీధిలోవాడే" అంటారు. మద్రాసుకో హైదరాబాదుకో పోయి చేస్తే "మనోడే" అంటారు. అమెరికా పోయి, అక్కడినుంచి బొంబాయి పోయి చేస్తే ఇక చెప్పనక్కర్లేదు, వాళ్లు చదివిన కాలేజీ ముందు ఒకసారి బస్సు దిగినవాళ్లు కూడా క్లాస్‌మేట్లయిపోతారు. రాజ్ నిడిమోరు, కృష్ణ డీకేల విషయంలో జరిగింది ఇదే. ఒకాయనది తిరుపతి, ఇంకొకాయనది చిత్తూరు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని అమెరికా పోయి, అక్కడే సినిమా పిచ్చి ముదిరి, బొంబాయిలో తేలారు. ఇప్పుడు దేశమంతా 'రాజ్ అండ్ డీకే' అని ఒకే మనిషి పేరులాగా పలుకుతుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఈ జంటని ఇకమీదట రెండు జిల్లాలు పంచుకోవాలి.

గర్వం ఉండొచ్చు. అయితే "మనోళ్లు" అనేశాక సినిమా చూసే పని తప్పిపోతుందని చాలామంది నమ్మకం. ఇక్కడ నేను విన్న పొగడ్తల్లో ముప్పాతిక 'ఫ్యామిలీ మ్యాన్' వెబ్ సిరీస్ గురించి, మిగతా పావు ఇంజినీరింగ్ కాలేజీ గురించి. 'షోర్ ఇన్ ద సిటీ' చూసినవాళ్లు దొరకడం కష్టం. '99' అంటే బాటా చెప్పుల ధర అనుకుంటారు.

ఈ పొగడ్తలు బొత్తిగా గిట్టని స్నేహితుడు నాకొకాయన ఉన్నాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయినాడు. బాలాజీ కాలనీలో సాయంత్రం నడుస్తూ ఒకరోజు తీర్పు చెప్పేశాడు.

"ఏముందప్పా వాళ్ల సినిమాల్లో? ఇద్దరు కూచోని మాట్లాడుకుంటా ఉంటారు. మధ్యలో ఒకడు తుపాకీ తీస్తాడు. మళ్లా కూచోని మాట్లాడుకుంటా ఉంటారు. దీనికి ఇంతగా పొగుడ్తా ఉండారే!"

ఇంత కచ్చితంగా వాళ్ల సినిమాని వర్ణించిన సమీక్ష నేను చదవలేదు. ఆయన నేరంగా చెప్పిందే నాకు గుణంగా తోస్తుంది. తుపాకీ తీయకముందూ తీసినాకా ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారన్నదే వాళ్ల సినిమా.

2011లో వచ్చిన 'షోర్ ఇన్ ద సిటీ' చూడండి. బొంబాయిలో వినాయకుడి పండగ రోజుల్లో నడిచే కథ. తుషార్ కపూర్ వేసిన తిలక్ దొంగ పుస్తకాలు అచ్చేసి అమ్ముకునేవాడు. ఇద్దరు స్నేహితులు. ఒకనాడు రైల్లో ఎవరిదో సంచి కొట్టేస్తారు. అందులో తుపాకులూ బాంబులూ ఉంటాయి. మన మామూలు సినిమా అయితే ఆ క్షణం నుంచి ముగ్గురూ డాన్లయిపోవాలి, వెనక డప్పులు మోగాలి. ఇక్కడ వాళ్లకొచ్చిన మొదటి చిక్కు, బాంబు పేల్చడం ఎలాగో తెలియకపోవడం. ఆ తెలియనితనంతో పితోబాష్ అనే నటుడు చేసే గోలకి నవ్వు ఆగదు, అదే సమయంలో వీడు ఎవరి ప్రాణం మీదికి తెస్తాడో అని గుండె అదురుతుంది. తిలక్‌కి చదువు అంతంతమాత్రం. తను దొంగచాటుగా అచ్చేసిన 'ది ఆల్కెమిస్ట్'నే కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెడతాడు. కొత్త పెళ్లాం రాధికా ఆప్టే అతనికన్నా చదువుకున్నది. పుస్తకాలమ్మి బతికేవాడు పుస్తకం పట్టుకుని సిగ్గుపడటం ఎంత బాగుంటుందో! ఇంకోవైపు, అమెరికా నుంచి తిరిగొచ్చి వ్యాపారం పెట్టుకుందామనుకున్న అభయ్‌ని "నీకు మేం కాపలా" అంటూ వీధి రౌడీలు పీక్కు తింటారు. జట్టులో చోటు కోసం లంచమివ్వాల్సిన క్రికెట్ కుర్రాడొకడు. ఎవడికీ పెద్ద ఆశలేమీ లేవు. తన పని తనని చేసుకోనిస్తే చాలు. ఊరు చేసుకోనివ్వదు.

వీళ్ల హాస్యం ఉద్యోగస్తుడి హాస్యం. పని చేతకానివాడికి పని అప్పజెప్తే ఏమవుతుంది, చేతనైనవాడిని చేయనివ్వకపోతే ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నల మీద ఇరవై ఏళ్లుగా సినిమాలు తీస్తున్నారు. 2003లో అమెరికాలో తీసిన మొదటి సినిమా 'ఫ్లేవర్స్' మన వలసజీవుల గురించి. కొడుకు తెల్లమ్మాయిని చేసుకుంటుంటే పెళ్లికి దిగిన తల్లిదండ్రులు, పరాయి దేశంలో పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే కొత్త ఇల్లాలు, ఇలాంటివాళ్లే మనుషులు. 2009లో వచ్చిన '99'లో దొంగ సిమ్ కార్డులు చేసుకునే కుర్రాళ్లిద్దరు ఒక బుకీ చేతికి చిక్కి, అతని బాకీలు వసూలు చేసే ఉద్యోగంలో ఇరుక్కుంటారు. వెనకాల క్రికెట్ మ్యాచ్ ఫిక్సింగ్ గొడవ. దేశాన్ని కుదిపేసిన కుంభకోణాన్ని వసూళ్లకు తిరిగేవాడి అవస్థలోంచి చూపించారు. 2013లో వచ్చిన 'గో గోవా గాన్'లో అయితే జాంబీలు తరుముతుండగా కూడా కుర్రాళ్లు ఆగి తర్కించుకుంటారు. మన దేశంలో ఉంటే దయ్యాలుండాలి గానీ ఈ శవాలెక్కడివి, ఇవీ విదేశీ దిగుమతేనా అని. ప్రాణం పోయేవేళ ఆర్థిక సంస్కరణల మీద చర్చ!

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కూర్చున్నవాడికే తెలిసే నవ్వు 'ఫ్యామిలీ మ్యాన్' రెండో భాగంలో ఉంది. టెర్రరిస్టుల్ని పట్టే శ్రీకాంత్ తివారీ ఆ ఉద్యోగం మానేసి ఐటీ కంపెనీలో చేరతాడు. వయసులో తనకన్నా ఎంతో చిన్నవాడైన బాసు రోజూ "మినిమమ్ గయ్‌గా ఉండొద్దు" అని హితబోధ చేస్తుంటాడు. తుపాకీ గుళ్లకు వెరవని మనిషి ఆ చిరునవ్వుకి చితికిపోతాడు. చివరికి చెయ్యి చేసుకుంటాడు. ఆ దెబ్బకి నా పక్కన కూర్చున్న మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. వాడు బెంగళూరులో కోడు రాస్తాడు. తిరుపతిలో ప్రతి వీధికీ అలాంటి పిల్లలు నలుగురుంటారు, వాళ్ల అమ్మానాన్నలకు కూడా స్టాండప్ మీటింగ్ అంటే ఏమిటో తెలుసు. ఏ సాహిత్యంలోనూ నాకు దొరకని ఈ కొత్త రకం అవమానాన్ని రాజ్, డీకేలు పట్టుకున్నారు.

ఇక 'స్త్రీ'. 2018లో వచ్చిన ఈ సినిమాకి కథ, స్క్రీన్‌ప్లే వీళ్లవి, దర్శకత్వం అమర్ కౌశిక్‌ది. నడిచేది మధ్యప్రదేశ్‌లోని చందేరీలో. కానీ మన ఇళ్ల తలుపులు గుర్తున్నవాళ్లకు అది పరాయి కథ కాదు. 1990లలో బొగ్గుతో, సున్నంతో, పెయింటు డబ్బాలున్నవాళ్లు పెయింటుతో, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. కన్నడదేశంలో "నాళె బా" అని రాశారు. రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతుందని, రాత చూసి వెనక్కి పోతుందని, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుందని నమ్మకం. చిన్నప్పుడు మేం భయపడ్డాం గానీ ఒక సంగతి తట్టలేదు. ఆ రాత పనిచేయాలంటే దయ్యానికి చదువు రావాలి కదా! సినిమాలో పంకజ్ త్రిపాఠీ పాత్ర ఈ ముక్కే తేలుస్తుంది. ఆ దయ్యం చదువుకున్నది, మర్యాద తెలిసినది, మగవాళ్లలా బలవంతం చేయదు, ఒప్పుకుంటేనే తీసుకుపోతుంది. దాంతో ఊరి మగవాళ్లు చీకటిపడేలోగా ఇల్లు చేరుకోవాల్సి వస్తుంది, ఆడవాళ్లు జాగ్రత్తలు చెప్పి పంపిస్తారు. ఇంతకన్నా పెద్ద విషయాన్ని ఇంతకన్నా చులాగ్గా చెప్పిన హాస్య చిత్రం ఈ మధ్య నేను చూడలేదు. గోడ మీది రాతని అందరం చూశాం. దయ్యం అక్షరాస్యతని ఆలోచించినవాళ్లు వీళ్లు. (చిత్తూరు లాంటి మూడు భాషల చోట ఆ దయ్యం ఏ లిపి చదివేదో ఇంకా తేలాల్సి ఉంది.)

మాస్టారు ఇక్కడ ఊరుకోడు. "మరి రెండో 'స్త్రీ' వాళ్లు రాయలేదు గదప్పా. దానికే ఎక్కువ డబ్బులొచ్చినాయి." నిజమే. 2024 నాటి 'స్త్రీ 2' రాసింది నిరేన్ భట్. వసూళ్లలో మొదటిది దాని దరిదాపుల్లో లేదు. వసూళ్లే కొలత అయితే వాదన అక్కడితో ముగిసింది. నాకు మాత్రం రెండోదానిలో మోత ఎక్కువ వినిపించింది, ఆలోచన తక్కువ.

మాస్టారి వైపు బలం వేరే చోట ఉంది. తారలు అందంగా కనబడి తీరాల్సిన సినిమాలు వీళ్ల చేతిలో తేలిపోతాయి. 2014 నాటి 'హ్యాపీ ఎండింగ్' ప్రేమకథల మూసని ఎగతాళి చేస్తూ మొదలై ఆ మూసలోనే కూర్చుంటుంది. 2017 నాటి 'ఎ జెంటిల్‌మన్' సంగతి త్వరగా దాటేద్దాం. 2024లో 'సిటడెల్: హనీ బన్నీ' పోరాటాలన్నీ శ్రద్ధగా తీశారు. నవ్వు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. వీళ్ల కథల్లో నవ్వించే హక్కు చాలావరకు మగవాళ్లదే. ఆడవాళ్లు కోప్పడతారు, ఎదురుచూస్తారు, లేదా 'ఫ్యామిలీ మ్యాన్' రెండో భాగంలో సమంత వేసిన రాజీ లాగా గాయాలు మోస్తూ మౌనంగా ఉంటారు. అందులోనే శ్రీకాంత్ భార్య సుచీ పాత్రలో ప్రియమణికి కొంత మెరుగు. ఇంకో సంగతి, సినిమా నుంచి వెబ్ సిరీస్‌కి పోయాక ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు నింపాలి, హాస్యానికి అంత పొడవు గిట్టదు. తుపాకులే ఆ ఖాళీ నింపుతున్నాయి. 2023 నాటి 'ఫర్జీ' ఎనిమిది ఎపిసోడ్లలో నాకు మిగిలింది దొంగ నోట్ల తయారీ కాదు. విజయ్ సేతుపతి పోషించిన అధికారి తన విభాగం కోసం మంత్రి దగ్గర చేసే బేరం. మళ్లీ ఆఫీసే!

'ఫ్యామిలీ మ్యాన్' రెండో భాగం శ్రీలంక తమిళుల ఈళం పోరాటాన్ని వాడుకున్న తీరు మీద తమిళనాడులో కోపం రేగింది. 2021 మేలో, విడుదలకు ముందే, దాన్ని ఆపమని ఆ రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాసింది. ఆపమనడం నాకు నచ్చదు గానీ, ఒక జాతి దుఃఖం ఉత్కంఠ కథకి ముడిసరుకైందన్న ఆరోపణని మాత్రం తేలిగ్గా కొట్టేయలేను. అదే భాగంలో మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. చెన్నై అధికారులు తమలో తాము తమిళమే మాట్లాడుకుంటారు, ఉత్తరాది ప్రేక్షకుడి సౌకర్యం కోసం హిందీకి దిగరు. హిందీ వాళ్లు అర్థంకాక బిక్కమొహం వేస్తారు. చిత్తూరు మనిషికి ఇది రోజూ ఉండే వ్యవహారం. 1911లో జిల్లా ఏర్పడక ముందు ఆ ఊరు ఉత్తర ఆర్కాటులోది. ఇప్పటికీ ఒకే ఇంట్లో అవ్వ తమిళంలో తిడితే మనవడు తెలుగులో జవాబిస్తాడు. ఆ వాతావరణంలో పెరిగినవాడికి భాష ఒకటే ఉండాలన్న పట్టింపు పుట్టదు.

"అయితే మన భాషలో, మన ఊరి మీద ఒక్కటన్నా తీసినారా?" ఇది మాస్టారి ఆఖరి అస్త్రం, ఊళ్లో చాలామంది మనసులోని మాట కూడా. దర్శకులుగా తీయలేదు. నిర్మాతలుగా 2013లో నానితో కలిసి 'డి ఫర్ దోపిడి'లో చెయ్యేశారు. 2021లో 'సినిమా బండి' నిర్మించారు. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో తోలే వీరబాబుకి ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరంతా కలిసి సినిమా తీయబోతారు. ప్రవీణ్ కాండ్రేగుల దర్శకుడు, మొహాలన్నీ కొత్తవి, మాట మన వైపు మాటకి దగ్గరి చుట్టం. పల్లెవాళ్ల అమాయకత్వాన్ని చూసి పట్నంవాళ్లు నవ్వే సినిమా కాదది. అక్కడ కూడా అసలు నవ్వు, పని రానివాళ్లు ఆ పనిని ప్రాణంగా చేయడంలో ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'సినబ్బ కథలు' చదివి పెరిగిన వాళ్లం మనం. మన అమ్మల మాటలోనే మనల్ని నవ్వించి ఏడిపించిన ఆ రాతల పక్కన పెడితే రాజ్, డీకేల హాస్యం నగరపు హాస్యం, కాస్త చల్లటిది. నేను నామినికే ఎక్కువ మార్కులేస్తాను. అంతమాత్రాన ఊరి బాకీ అంటూ వాళ్ల దగ్గర వసూలు చేయడం '99'లో బుకీ చేసే పనే అవుతుంది.

బాకీ లేదు గానీ, ఒక కథ మాత్రం ఇక్కడ వాళ్ల కోసమే పడి ఉంది. తిరుపతిలో కాపురం ఉన్న ప్రతివాడికీ దేశం నలుమూలలా చుట్టాలుంటారు. పదేళ్లు పలకరించనివాడు కూడా ఫోన్ చేసి "బాగున్నావా అన్నా, ఎల్లుండికి దర్శనం ఏమన్నా అవుతుందా?" అంటాడు. మూడొందల టికెట్టు దొరకలేదంటాడు, ఎమ్మెల్యే లెటర్ సంపాదించమంటాడు. ఆ లెటర్ కోసం తిరిగే సామాన్యుడి రెండు రోజుల్లో ఉద్యోగం, బంధుత్వం, భక్తి, పలుకుబడి అన్నీ ఉన్నాయి. ఇద్దరు కూచోని మాట్లాడుకుంటే చాలు, తుపాకీ కూడా అక్కర్లేదు.

నా తీర్పు ఇది. రాజ్, డీకేలకు మితిమీరిన పేరొచ్చిందన్న మాట సగం నిజం. ఆ పేరంతా పోరాటాలకు, మలుపులకు, పెద్ద తారలకు పోతోంది. జీతం మనిషిని, చేతకాని దొంగని వాళ్లు చూసిన చూపుకి రావలసినంత రాలేదు. మనోళ్లని మెచ్చుకోదలిస్తే 'ఫ్యామిలీ మ్యాన్' మూడోసారి చూడటం ఆపి, ముందు 'షోర్ ఇన్ ద సిటీ' చూడండి. నచ్చకపోతే మా మాస్టారు బాలాజీ కాలనీలో సాయంత్రాలు దొరుకుతాడు, ఇద్దరూ కలిసి తిట్టుకోవచ్చు.