జేబులో ఫోను, కిటికీలో టవరు

మా ఎదురింటి మేడమీద సెల్ టవరు వెలిసిన నాటినుంచి నాన్నగారికి నిద్ర లేదు. "కాన్సరు వస్తుందిరా" అంటూ వీధివైపు కిటికీలన్నీ మూయించేశారు. అసలే మే నెల ఎండలు. ఇల్లంతా ఆవిరికుండలా వుంది. పేస్‌మేకరు పెట్టించుకున్న మనిషి చెమటలతో ఆయాసపడుతుంటే నాకు భయం వేసింది. కిటికీ తీయబోయిన అమ్మమీద కసురుకున్నారు కూడాను.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు టవరు గొడవంతా ఓపిగ్గా విని, "ముందు ఆ ఫోను తీసి బల్లమీద పెట్టండి మాస్టారూ" అన్నారు. ఫోను చొక్కా ఎడమ జేబులో వుంది. పేస్‌మేకరూ ఎడమ వైపే! ఎప్పుడూ జేబులోనే వుంచుకోమని ఆ ఫోను కొనిచ్చింది నేనే. నాకు నోట మాట రాలేదు.

ఫోనులోని అయస్కాంతాలు, రేడియో తరంగాలు మరీ దగ్గరైతే పేస్‌మేకరు పనికి అడ్డు తగలవచ్చునట. కనీసం ఆరంగుళాల ఎడం వుండాలి. మాట్లాడేటప్పుడు అవతలి చెవికి పెట్టుకోవాలి.

మరి కాన్సరు సంగతి? ఈ తరంగాలు ఎక్స్‌రేల వంటివి కావు. డి.ఎన్.ఏ.ను తెంచే శక్తి వీటికి లేదు. ఒంటికి కాస్త వేడి పుట్టించగలవు, అంతే. ఆ వేడి హద్దు మీరకుండా మనదేశంలో 2012 నుంచి ఫోన్లకు కిలోకు 1.6 వాట్ల పరిమితి వుంది. స్టార్, హాష్, 07, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనిపిస్తుంది. టవర్లకూ అదే ఏడు అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించారు. 2011లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగాలను "కాన్సరు కలిగించే అవకాశం వున్నవి" అనే జాబితాలో చేర్చిన మాట నిజమే. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి, 2024లో వెలువడిన సమీక్షలో, సెల్ ఫోనుకూ మెదడు కాన్సరుకూ సంబంధం కనిపించలేదు.

ఇంకో విశేషం. టవరు దగ్గరగా వుండి సిగ్నల్ బాగుంటే ఫోను తక్కువ శక్తితోనే పని కానిచ్చుకుంటుంది. సిగ్నల్ అందకపోతేనే గొంతు చించుకుంటుంది. కాబట్టి సిగ్నల్ లేనిచోట ఎక్కువసేపు మాట్లాడకండి. ఇయర్‌ఫోనో, స్పీకరో వాడితే తలకు తగిలేది బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు నాన్నగారి ఫోను చేతిసంచీలోకి మారింది. మొన్న రాత్రి తనంతట తానే లేచి కిటికీ తీశారు. మీ ఇంట్లో పేస్‌మేకరు వున్న పెద్దలుంటే, ఒక్కసారి వారి జేబు చూడండి.