కుడితి తొట్టిలో ఎర్ర బియ్యం

మా అమ్మ దృష్టిలో అన్నం తెల్లగా ఉండటమన్నది ఇంటి మర్యాద. విస్తట్లో వడ్డించిన అన్నం మల్లెపూవులా లేకపోతే వచ్చిన చుట్టం ఏమనుకుంటాడోనన్న బెంగ ఆమెను జీవితాంతం వదలలేదు. 1963లో నాన్నగారికి ఇక్కడ కోక్ ఓవెన్ల విభాగంలో ఉద్యోగం దొరికి, అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి మేము భిలాయి చేరినప్పుడు, మా సామానులో ఒక ట్రంకు పెట్టె, రెండు పరుపు చుట్టలు, ఒక బస్తా సన్న బియ్యం ఉన్నాయి. మరలో రెండు పట్లు పట్టించిన బియ్యమవి. చేతిలోకి తీసుకుంటే పిసరంత తవుడు కూడా అంటేది కాదు.

ఆ బస్తా అయిపోయిన నాటి నుంచి అమ్మ కష్టాలు ప్రారంభమయ్యాయి. రేషను బియ్యం ఒకనాడు లావు, మరొకనాడు ముక్క. ప్రతి మధ్యాహ్నమూ చేట ముందు పెట్టుకుని ఎర్ర గింజ కనబడితే ఏరి పారవేసేది. ఏరిన గింజలూ, బియ్యం కడిగిన నీళ్ళూ, వార్చిన గంజీ, కొన్న తవుడూ కలిసి క్వార్టరు వెనుక కట్టేసిన ఆవుకు కుడితి అయ్యేవి. మా ఇంట్లో ఆవు ఒక్కటే ఏ కొరతా లేకుండా తినేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

మా ఇంటి పనికి శివనాథ్ నది వైపు ఉన్న ఒక పల్లె నుంచి ఒకామె వచ్చేది. అమ్మ ఆమెను ‘బాయీ’ అని పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అమ్మకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుష్య పున్నమి నాడు ఛేర్‌ఛేరా పండుగ జరుగుతుందని ఇక్కడివారందరికీ తెలిసినదే. కోతలు ముగిసి, గాదెలు నిండిన వేళ పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడుగుతారు, అడిగిన వారికి లేదనకుండా పెడతారు. 1965లో ఆ పండుగ నాడు బాయి తన కొంగులో మూట కట్టి సుమారు రెండు శేర్ల బియ్యం తెచ్చింది. సొంత పొలంలో పండి, ఇంట్లో ఢేంకీ కింద దంచిన బియ్యం. ఇటుక పొడిలా ఎర్రగా ఉన్నాయి.

అమ్మ రెండు చేతులా అందుకుంది. ఆమె వెళ్ళిపోయిన తరువాత గిన్నె నా చేతికిచ్చి, “బాబూ, ఆవుకు పోసేయ్” అంది. నాకప్పుడు పదేళ్ళు. తీసుకెళ్ళి తొట్టిలో పోసింది నేనే. మరునాడు ఉదయం బాయి తొట్టి కడగబోయి, అడుగున నానిన ఎర్ర గింజలు చూసి, కొంచెం సేపు వంగి అలాగే నిలబడింది. ఏమీ అనలేదు. తొట్టి కడిగి, ఎప్పటిలాగే అంట్లు తోమి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమె మా ఇంటికి బియ్యం తేలేదు.

చాలా ఏళ్ళ తరువాత, నేను రైల్ మిల్లులో పనిచేస్తున్న రోజుల్లో, రాత్రి షిఫ్టులో నా పక్కన కూర్చుని తినే ఒక కేరళ మిత్రుని డబ్బాలో ఎర్రని మట్ట అన్నం ఉండేది. “దల్లీ రాజహరా ఖనిజం తినేస్తున్నావా?” అని అందరం పరిహాసం చేసేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ పరిహాసంలో ఒక అపోహ కూడా దాగి ఉన్నది. ఎర్ర బియ్యం రంగుకు కారణం ఇనుమేనని నేటికీ నమ్మేవారు మన టౌన్‌షిప్‌లో అనేకులున్నారు. గనిలోని ఖనిజానికి ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడు. గింజకు ఎరుపునిచ్చేవి ప్రోఆంథోసయనిడిన్లు, అనగా తేయాకులోనూ తంగేడు చెక్కలోనూ ఉండే వగరు పదార్థాల కోవకు చెందినవి. నల్ల బియ్యానికి ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు, నేరేడు పండు తిన్న పిల్లవాని నాలుకను ఊదాగా మార్చే జాతి వర్ణకాలు. ఏ రంగైనా గింజ పైపొరకే పరిమితం. విరిచి చూస్తే లోపల అన్ని బియ్యమూ తెలుపే. అందుచేతనే ఎంత నల్లని బియ్యమైనా మరలో బాగా పాలిష్ పడితే తెల్లబడుతుంది.

ఇంకొక సంగతి నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించింది. అడవి వరి గింజ సహజంగా ఎరుపు. జన్యువులో ఒక చిన్న ముక్క జారిపోవటం వల్ల తెల్ల గింజ పుట్టింది. దానిని ఏరి ఏరి పెంచినవాడు మనిషి. అంటే మా అమ్మ చేట ముందు కూర్చుని చేసిన పని వేల ఏళ్ళుగా సాగుతూ వచ్చినదే! అయితే ఆ తెలుపు కోరని వారూ ఉన్నారు. చరక సంహిత శాలి ధాన్యాలలో ఎర్రని దానికే అగ్రస్థానమిచ్చింది. మన పక్కనే ఉన్న రాయపూర్ కేంద్రంగా 1970ల దశకంలో డాక్టర్ ఆర్. హెచ్. రిఛారియా పల్లె పల్లెకూ తిరిగి వేల రకాల వరి విత్తనాలు సేకరించారు. ఆ సంపద ఇప్పుడు ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్నది. నేడు అక్కడ ఉన్న నమూనాలు ఇరవై వేలకు పైమాటే. బాయి కొంగులోని గింజ కూడా ఆ అరల్లో ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుందని నా ఆశ.

ఈ విషయాలన్నీ నేను వెదకి చదవటానికి కారణం నా జబ్బు. 2008లో నాకు చక్కెర వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆసుపత్రిలో ఆహార నియమాలు చెప్పే అమ్మాయి, “తవుడు పోని బియ్యం తినండి అంకుల్, ఎరుపైతే మరీ మంచిది, కాని కప్పుతో కొలుచుకుని తినండి” అన్నది. తవుడు అన్న మాట వినగానే కుడితి తొట్టి కళ్ళ ముందు మెదిలింది. ఆ తరువాత హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో నెల రోజులున్నప్పుడు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర చదివాను. ఆ సంస్థ పుట్టుక 1918లో, కూనూరులో. మెకారిసన్ అనే వైద్యుడు పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో దానిని ప్రారంభించాడు. మొదటి పేరు ‘బెరిబెరి విచారణ’. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందింది.

బెరిబెరి కథ ఇంకా వెనుకకు పోతుంది. 1890 ప్రాంతాల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడటం చూశాడు. కొత్త వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకు పెట్టనని మొండికేసి ముతక బియ్యం వేయించగానే అవే కోళ్ళు లేచి తిరిగాయి! లోకం ఒక వంటవాని పిసినారితనానికి ఇంతగా ఋణపడిన సందర్భం మరొకటి ఉండదేమో. తవుడులో ఉన్నదీ, తెల్ల బియ్యంలో లేనిదీ ఏమిటన్న ప్రశ్న నుంచే 1912లో ఫంక్ ‘విటమిన్’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చాడు. 1926లో తవుడు నుంచే థయమిన్ స్ఫటికాలను వేరు చేశారు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానం లభించింది.

ఈ జబ్బు మన దేశంలో తిష్ఠ వేసుకున్న చోటు ఏదో తెలుసునా? మన కోస్తా తీరమే. నాటి ఉత్తర సర్కారు జిల్లాలు. తమిళులూ, మలయాళీలూ, వంగ దేశీయులూ అధికంగా ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని నానబెట్టి ఆవిరిపై ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్లు కొంత గింజ లోపలికి ఇంకుతాయి గనుక, తరువాత మర పట్టినా పూర్తిగా పోవు. మనవారికి ఉప్పుడు బియ్యం వాసన గిట్టలేదు. పచ్చి బియ్యాన్ని మరపట్టించి, మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి తిన్నారు. తవుడు పోగా మిగిలిన కాస్త థయమిన్ కడుగుతోనూ గంజితోనూ వెళ్ళిపోయింది. పెద్దలకు కాళ్ళు ఉబ్బేవి, గుండె అలసిపోయేది. తల్లి పాలలోనే కొరత ఉండటం చేత రెండు నుంచి ఐదు నెలల పసికందులు ఉన్నట్టుండి పోయేవారు. దంపుడు బియ్యంతో అంబలి తాగిన కూలి ఇళ్ళ కంటె, మరబియ్యం కొనగలిగిన ఇళ్ళకే ఈ ముప్పు ఎక్కువ.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మకు ముందు పుట్టిన ఇద్దరు అన్నలు మూడో నెలలోనే పోయారని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. దిష్టి తగిలిందని అనుకున్నారట. మా అమ్మమ్మ కూడా చివరి కాన్పు తరువాత కాళ్ళు ఉబ్బి పోయింది. ఊళ్ళో మొదట మరబియ్యం తిన్న ఇల్లు తమదేనని అమ్మ గొప్పగా చెప్పుకునేది కూడా.

చెప్పాలా, వద్దా అని నెల రోజులు తటపటాయించి, 2009 సంక్రాంతికి భిలాయిలో అమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. ఆమెకు అప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. కోళ్ళ కథకు నవ్వింది. ఉప్పుడు బియ్యం సంగతి శ్రద్ధగా విన్నది. పసిపిల్లల మాట వచ్చేసరికి చేతిలోని చేట కింద పెట్టేసింది. చాలా సేపటికి, “అదంతా తవుట్లో ఉందా?” అని అడిగింది. ఉందన్నాను. “మా ఇంట తవుడు ఎప్పుడూ ఆవుకే పోసేవాళ్ళం నాయనా” అంది. ఆ పైన ఏమీ మాట్లాడలేదు.

నేటి రోజుల్లో బెరిబెరి పేరు వినేవారు తక్కువ. పప్పూ కూరా పాలూ ఉన్న భోజనంలో ఆ కొరత తీరిపోతుంది. కాని తవుడులో థయమిన్‌తో పాటు పీచు, నూనె, మెగ్నీషియం ఉన్నాయి. రంగు బియ్యమైతే పైన చెప్పిన వర్ణకాలూ ఉన్నాయి. అయితే ఇటీవల వీటికి లేని మహిమలు అంటగట్టటం చూస్తున్నాను. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గఠువన్, మహారాజీ, లాయచా అనే మూడు రకాలకు క్యాన్సర్ కణాలను అడ్డగించే గుణం కనబడిందని 2018లో వార్త వచ్చినప్పుడు, మా వీధిలో ఒకాయన మందులు మానేసి ఆ బియ్యం కోసం తిరిగాడు. ప్రయోగశాల పాత్రలోని కణాలపై కనబడినది రోగి శరీరంలో కనబడాలని ఏమీ లేదు. ఎరుపైనా నలుపైనా బియ్యం బియ్యమే, పిండిపదార్థమే. నా చక్కెర కొంత అదుపులోకి వచ్చిన మాట నిజం. అందులో రంగుకు ఎంత పాలో, కప్పుతో కొలవటానికి ఎంత పాలో నేను విడదీసి చెప్పలేను. తవుడులోని ఇనుమును అందులోనే ఉండే ఫైటేటు పట్టి ఉంచుతుంది గనుక, రక్తహీనతకు ఎర్రన్నం ఒక్కటే చాలదు. పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే ఈ మార్పు చేయరాదు.

వండే విషయంలో మా ఇంటి అనుభవం చెబుతాను. రాత్రి ఒకసారి తేలికగా కడిగి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోయకుండా అందులోనే అత్తెసరు పెట్టాలి. నల్ల బియ్యం నానిన నీరు ఊదాగా మారుతుంది, పారబోస్తే డబ్బు పెట్టి కొన్న రంగు తూములో పోసినట్లే. తవుడు మిగిలి ఉన్న బియ్యం ఎక్కువ కాలం నిలవ ఉండదు. అందులోని నూనె ముక్కిపోతుంది. అందుకని నెలకు సరిపడా మాత్రమే కొంటాము. మరలో అడిగి తెచ్చుకున్న తవుడును రొట్టెల్లో కలుపుదామనుకునేవారు ఆ పూటే సన్నని సెగపై వేయించాలి, మరునాటికే చేదెక్కటం మొదలవుతుంది. తవుడు నూనె తీసే కర్మాగారాలు దానిని ఆలస్యం చేయకుండా తెప్పించుకునేది ఇందుకే.

అమ్మ ఎర్రన్నం తినటానికి ఒప్పుకుంది. పళ్ళు సహకరించక, జావలా వండించుకుని, చివరి మూడేళ్ళూ రాత్రిపూట అదే తిన్నది. చుట్టాలు వస్తే మాత్రం వారికి తెల్లన్నమే వండించేది, ఆ విషయంలో నా మాట చెల్లలేదు. 2012లో పోయే ముందు ఒకనాడు, పుష్య పున్నమి దగ్గరపడిందని ఎవరో అంటుంటే విని, నన్ను పిలిచి, “మన బాయిది ఏ ఊరో నీకు గుర్తుందా బాబూ?” అని అడిగింది.

తొట్టి దగ్గర ఆమె వంగి నిలబడటం నాకు గుర్తున్నది. ఊరి పేరు గుర్తు లేదు.