కవ్వాల కొట్లో పుట్టిన బ్యాటు

కవ్వాలు చేసే వడ్రంగి కొడుకు బ్యాటు చేసి ఊరికే పేరు తెచ్చాడంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. 2023 జూన్‌లో అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆ ఊరు చూసొచ్చాను. వంటింట్లో మనం రోజూ చూసే సంగతులే అక్కడ ఎన్నో కనిపించాయి. అందుకే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మా చెల్లెలు వాళ్ళుండేది సిన్సినాటిలో. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు. మన పిల్లలకి క్రికెట్ ఎలాగో, వాడికి బేస్‌బాల్ అలాగ. వాడు బంతి విసిరేవాడు. కిందటేడు వేసవిలో ఒక పోటీలో అవతలి పిల్లాడు అల్యూమినియం బ్యాటుతో కొట్టిన బంతి తిన్నగా వచ్చి వీడి చెంప మీద తగిలింది. కన్ను తప్పింది, అదే పదివేలు. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి మా చెల్లెలు, "ఇంక ఆట లేదు, గీట లేదు" అని భీష్మించుకుని కూర్చుంది. వాడేమో నన్ను పట్టుకుని, "పెద్దమ్మా, నువ్వైనా చెప్పు. కర్ర బ్యాట్లతో ఆడే జట్టులో చేరతాను. లూవిల్ వెళ్ళి చూద్దాం, నీకే తెలుస్తుంది" అని ఒకటే గొడవ. సరే, ఒక శనివారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని కారులో బయల్దేరాం. మా మరిది గారు కారు నడుపుతుంటే మా చెల్లెలు దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది తప్ప నోరు విప్పలేదు.

ఊరి పేరు రాసేది లూయిస్‌విల్, పలికేది లూవిల్. కెంటకీ రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున ఉంది. సిన్సినాటిలో బయల్దేరగానే ఒకసారి ఆ నదిని దాటాం. రెండు గంటలు తిరక్కుండానే లూవిల్‌లో మళ్ళీ అదే నది ఎదురైంది. మాది కోనసీమ కదండీ, పెద్ద ఏరు కనిపిస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. 1937లో ఈ నదికి వచ్చిన వరద ఊళ్ళో చాలా భాగాన్ని ముంచేసిందట. గోదావరి వరదలు ఎరిగినదాన్ని, వేరే చెప్పాలా!

మెయిన్ స్ట్రీట్‌లో పాతకాలపు మేడల మధ్య నడుస్తుంటే, ఒక భవనానికి ఆనించి నిలబెట్టిన బ్యాటు దూరంనుంచే కనిపించింది. ఎత్తు 120 అడుగులు! తల వెనక్కి వాల్చి చూస్తే మెడ పట్టేసింది. "అబ్బ, ఎంత పెద్ద చెట్టు కొట్టి చేశారో!" అన్నాను. మా వాడు పకపకా నవ్వాడు. అది కర్రే కాదు, ఉక్కుదట. లోపల డొల్ల. కర్రలా కనబడేలా రంగు వేశారు. బరువు 68,000 పౌండ్లు, అంటే మన లెక్కలో సుమారు 31 టన్నులు. కర్ర బ్యాట్లకి పేరుపడ్డ చోట గుమ్మం దగ్గరే లోహపు బ్యాటు స్వాగతం చెప్పడం నాకు భలే తమాషాగా తోచింది.

ఇక కవ్వం కథకి వస్తాను. ఇక్కడ హిల్లెరిచ్ అనే ఆయనకి వడ్రంగి కొట్టు ఉండేది. మెట్ల పక్కన వేసే కర్ర ఊచలు, మంచం కోళ్ళు లాంటివి తరిణె పట్టి ఇచ్చేవాడు. ఊపితే వెన్న వచ్చే ఒక రకం కవ్వపు పీపా కూడా చేసి అమ్మేవాడు. 1884లో ఆయన కొడుకు బడ్ పని మానేసి ఆట చూడటానికి పోయాడట. ఆ రోజు పీట్ బ్రౌనింగ్ అనే ఆటగాడి బ్యాటు విరిగిపోయింది. ఈ కుర్రాడు ఆయన్ని కొట్టుకి పిలుచుకొచ్చి కొత్తది తరిణె పట్టి ఇస్తే, మర్నాడు ఆయన దాంతో మూడు మంచి దెబ్బలు కొట్టాడట. ఇది అక్కడ తరతరాలుగా చెప్పుకునే కథ. తండ్రికి మాత్రం బ్యాట్ల మీద మనసు లేదు. "ఆటవస్తువులేమిటి, కవ్వాలే మన వ్యాపారం" అనుకునేవాడట. చివరికి పిల్లాడి మాటే నెగ్గింది. 1894లో ఆ బ్యాటుకి 'లూయిస్‌విల్ స్లగ్గర్' అని పేరు నమోదు చేయించారు. ఈ కథ విన్నప్పుడు మా చెల్లెలి వంక ఓరగా చూశాను. అది చూడనట్టే ఊరుకుంది.

లోపల మ్యూజియం, దాని పక్కనే ఫ్యాక్టరీ. మ్యూజియంలో బేబ్ రూత్ బ్యాటు ఉంది. మనకి సచిన్ ఎలాగో వాళ్ళకి ఆయన అలాగ. పాలవాడి లెక్కకి మనం గోడ మీద గీతలు పెట్టుకున్నట్టు, మైదానం దాటేలా కొట్టిన ఒక్కో దెబ్బకి ఒక్కో గాటు చొప్పున ఆ బ్యాటు మీద 21 గాట్లు పెట్టుకున్నాడాయన! ఫ్యాక్టరీలోకి అడుగు పెట్టగానే పచ్చి కర్ర పొట్టు వాసన గుప్పుమంది. ఒకప్పుడు చేత్తో ఒక్క బ్యాటు తరిణె పట్టడానికి అరగంట పట్టేదట. ఇప్పుడు కంప్యూటరు యంత్రానికి నిమిషం కూడా పట్టదు. గుండ్రటి మొద్దు ఒక పక్కనుంచి వెళ్ళి, చూస్తుండగానే బ్యాటై బయటికొస్తుంది. ఆ తర్వాత దాని మీద కాల్చి ముద్ర వేస్తారు.

కర్రల్లో ముఖ్యమైనవి యాష్, మేపుల్, బర్చ్. యాష్ అంటే బూడిద కదా అనుకున్నాను, అది చెట్టు పేరేనట. యాష్ తేలిక, కాస్త వంగి ఇచ్చే గుణం ఉంది. వాడగా వాడగా పొరలు పొరలుగా లేస్తుంది. మేపుల్ గట్టిది. ఆ దేశంలో అట్ల మీద పోసుకునే తియ్యటి పాకం ఈ చెట్టుదే. 2001లో బారీ బాండ్స్ అనే ఆటగాడు మేపుల్ బ్యాటుతోనే ఒక్క ఏడాదిలో 73 హోమ్ రన్లు కొట్టేసరికి అందరూ దాని వెంట పడ్డారు. కానీ మేపుల్ విరిగితే నిలువునా చీలి, ముక్క బల్లెంలా ఎగిరొస్తుంది. 2008లో ఇలాంటివి ఎక్కువై భయపడ్డారు. అప్పటినుంచి పెద్ద పోటీలకి వెళ్ళే బ్యాటు పిడి మీద ఒక సిరాచుక్క వేసి చూస్తున్నారు. సిరా కర్ర ఈనె వెంటే పాకుతుంది కదా, ఆ ఈనె 3 డిగ్రీలకన్నా వాలుగా ఉంటే ఆ బ్యాటు పనికిరాదన్నమాట. చీర కొనేటప్పుడు మనం నేతని వెలుగుకి పట్టి చూస్తామే, అలాగ!

యాష్ చెట్లకి మరో గండం వచ్చింది. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పచ్చటి పెంకుపురుగు బయటపడింది. దాని పిల్లలు బెరడు కిందే తొలుచుకు తింటూ చెట్టుకి నీరూ ఆహారమూ అందకుండా చేస్తాయి. కోట్లాది చెట్లు చచ్చిపోయాయి. మన కొబ్బరి మొవ్వుని కొమ్ముపురుగు తినేస్తే తోటవాడి గుండె ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆ మాట వింటుంటే మనసు చివుక్కుమంది.

మరి ఇంత చక్కటి కర్ర ఉండగా లోహం ఎందుకొచ్చిందంటారా? ఖర్చు వల్ల. కర్ర బ్యాటు సన్నటి పిడి దగ్గర బంతి తగిలిందంటే ఫెళ్ళున విరుగుతుంది. స్కూళ్ళకి ఎన్నని కొని ఇవ్వగలరు? 1970ల్లో అల్యూమినియం వచ్చి పిల్లల ఆటల్లోకి, 1974లో కాలేజీల ఆటలోకి చేరిపోయింది. పెద్ద లీగుల్లో మాత్రం ఈనాటికీ ఒకే కర్రముక్కతో చేసిన బ్యాటే నియమం.

తేడా ఏమిటంటే, కర్ర గట్టిగా ఉంటుంది కనుక బంతి నలిగి, తన జోరు కొంత పోగొట్టుకుంటుంది. లోహపు బ్యాటు లోపల డొల్ల. బంతి తగలగానే దాని గోడ కొంచెం లోపలికి నొక్కుకుని, డబ్బా మూత టప్పున పైకి లేచినట్టు తిరిగొచ్చి బంతిని తోస్తుంది. పైగా బరువు చేతుల వైపే ఉండటంతో చప్పున తిప్పొచ్చు. చప్పుడు కూడా వేరే. కర్రది రోకటి పోటులా 'ఠప్' మంటుంది, లోహానిది స్టీలు గిన్నె గట్టుకి తగిలినట్టు 'టింగ్' మంటుంది.

ఆ వేగం వల్ల దెబ్బలు తగులుతున్నాయనే 2007లో న్యూయార్క్ నగరం హైస్కూలు ఆటల్లో లోహపు బ్యాట్లని నిషేధించింది. ఆ తర్వాత నియమాలు వచ్చాయి. లోహపు బ్యాటు కర్రదానికి దగ్గరగా ఉండి తీరాలని 2011లో కాలేజీలకి, 2012లో హైస్కూళ్ళకి పెట్టారు. చిన్నపిల్లల లీగులకి 2018 నుంచి 'యూఎస్ఏ బేస్‌బాల్' ముద్ర ఉన్న బ్యాట్లు వచ్చాయి. అయితే కొన్ని పోటీల్లో ఆ ముద్ర లేని, ఇంకా జోరైన బ్యాట్లని కూడా ఒప్పుకుంటారు.

అన్నీ చూపించినావిడ పెద్ద వయసావిడ. నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషు ఎంతవరకు లాగుతుంది? మా వాడిని పక్కన పెట్టుకుని, "కర్ర బ్యాటుతో అయితే బంతి విసిరే పిల్లాడికి దెబ్బ తగలదా, అడుగు" అన్నాను. ఆవిడ చాలాసేపు చెప్పింది. వాడు ఒక్క క్షణం తటపటాయించి, తల వంచుకుని తెలుగులో చెప్పాడు. "తగులుతుంది పెద్దమ్మా. కర్రతో కొట్టినా బంతి గట్టిగానే వస్తుందిట. పాతకాలపు లోహపు బ్యాట్లకన్నా కొంచెం నెమ్మది, అంతే. దెబ్బ తగలదని ఎవరూ మాట ఇవ్వలేరంట. బ్యాటు మీద ముద్ర చూసుకోవాలి, విసిరేవాళ్ళు మొహానికి కవచం పెట్టుకోవాలి అంటోంది."

చెప్పొద్దూ, నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. "కర్రయితే ఏం కాదుట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మేదాన్నే. అడుగు దూరంలో నిలబడ్డ మా చెల్లెలు ఆవిడ మాటా విన్నది, వీడి మాటా విన్నది. ఏమీ అనలేదు. బయట బల్ల మీద కూర్చుని పులిహోర తింటున్నప్పుడు మాత్రం వాడి విస్తట్లో ఇంకాస్త వడ్డిస్తూ, "ముద్ర లేని బ్యాట్లు తెచ్చే పోటీకి పంపను. మొహానికి కవచం లేకపోతే మైదానంలోకి దిగనివ్వను. ఒప్పుకుంటావా?" అంది. వాడు నోట్లో ముద్ద ఉండగానే గబగబా తలూపాడు. మా మరిది గారు అటు తిరిగి నవ్వుకున్నారు.

మీరు గానీ, మీ పిల్లలు గానీ ఆ వైపు వెళితే తప్పకుండా చూడండి. నడక కొంచెం ఎక్కువే, మెత్తటి చెప్పులు వేసుకోండి. ఫ్యాక్టరీ చూసినవాళ్ళకి చివర్లో చిన్న బ్యాటొకటి ఉత్తినే ఇస్తారు. దాన్ని విమానంలో చేతిసంచీలో పెట్టుకోవద్దు, పెద్ద పెట్టెలో సర్దండి. ఇంకో మంచి మాట. 2006 నుంచి అక్కడి పెద్ద లీగు ఆటగాళ్ళు మాతృదినోత్సవం నాడు గులాబీ రంగు బ్యాట్లు పట్టుకుంటున్నారు. ఆడవాళ్ళకొచ్చే రొమ్ము క్యాన్సర్ గురించి అందరికీ తెలియాలని. అంత పొడుగు మగవాళ్ళు గులాబీ రంగు పట్టుకోవడం ముచ్చటే కదూ!

నా చిన్న బ్యాటు ఇంటికి క్షేమంగా చేరింది. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పప్పుగుత్తి బాగానే ఉంది గానీ, కొసన గాట్లు పెట్టడం మర్చిపోయారే!" అన్నారు. కవ్వాల కొట్టు కథ ఆవిడకి చెప్తే, "మరి నేనన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు. మీరే చెప్పండి, తప్పేముంది?